మా అన్న నడిపిన నా ఓడ

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు గానీ, చిన్నప్పుడు నేనొక అంతరిక్ష నౌకను కట్టాను. కట్టింది కంప్యూటర్ ఆటలోనే, అయినా కట్టాననే అంటాను. మొన్న మేడ్చల్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే రోడ్డు అవతల ఎవరో పాత షట్టరును గ్యాసు మంటతో కోస్తున్నారు. కాలిన రంగు, కాగిన ఇనుము, జిడ్డు కలగలిసిన ఆ వాసన తగిలి, ఎక్కాల్సిన బస్సు ముందునుంచే వెళ్లిపోతున్నా కదల్లేకపోయాను.

అది మా బాపు వాసన. మేడ్చల్ రోడ్డు మీద పాత లారీలను విప్పే షెడ్డులో ఆయన పని. ఇంటికొచ్చి సబ్బుతో ఒకసారి, బూడిదతో ఒకసారి, మళ్లీ సబ్బుతో చేతులు కడిగినా అన్నం ముద్దలో కూడా ఇనుము వాసనే వస్తుందని అమ్మ విసుక్కునేది. బడి లేని రోజుల్లో సద్ది గిన్నె పట్టుకొని వెళ్లి, ఆయన తినేదాకా సీట్లు పీకేసిన లారీ క్యాబిన్ నీడలో కూర్చునేదాన్ని. లారీని విప్పడానికి ఒక వరుస ఉంటుంది. ముందు బ్యాటరీ తీయాలి, డీజిల్ ట్యాంకు దించి దూరంగా పెట్టాలి, ఆ తర్వాతే మంట వెలిగించాలి. అద్దాలు, తలుపులు, వైర్లు, ఇంజను అన్నీ పోయాక చివరికి ఎముకల గూడులా చాసిస్ మిగులుతుంది. ఎవరూ నేర్పకుండానే, చూస్తూ చూస్తూ ఉండగా, ఆ వరుస నాకు వచ్చేసింది.

ఎండాకాలం సెలవులకు నన్ను శామీర్‌పేటలో పెద్దబాపు ఇంటికి పంపేవారు. ఆయన ద్రాక్షతోట కౌలుకు చేసేవాడు. నేను వెళ్లేసరికి కోతలు అయిపోయి, పందిరి మీద మిగిలిన గుత్తులు ఎండకు ముడుచుకొని, వాటి చుట్టూ తేనెటీగలు మూగి, తోటంతా పులిసిన తీపి వాసన వేసేది. పొద్దున పెద్దమ్మ సర్వపిండి కాల్చి పెట్టేది, మధ్యాహ్నం మామిడికాయ ముక్కలు మంచం మీద ఆరబోసి కాకులు రాకుండా నన్ను కాపలా కూర్చోబెట్టేది. ఆ మంచానికి ఎదురు కిటికీలో కనిపించేది పెద్దబాపు కొడుకు నవీనన్న కంప్యూటర్. అన్న నాకన్నా చాలా పెద్ద, అప్పటికే కాలేజీకి పోతున్నాడు.

అన్న ఆడే ఆటలో నల్లటి ఆకాశం నిండా పగిలిపోయిన నౌకలు తేలుతుండేవి. వాటిని వెలుగు కిరణంతో కోసి, పనికొచ్చే రేకులు, గొట్టాలు, ఇంజన్లు లాక్కొచ్చి సొంత ఓడ కట్టుకోవాలి. కోయడానికి ఓపిక కావాలి, అన్నకు ఎప్పుడూ తొందరే. ఇంధనం గొట్టం మీదే ముందు కిరణం పెట్టేవాడు, అంతా పేలిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక కిటికీలోంచే బ్యాటరీ ముందు తీయమన్నాను. ఆ ఇంట్లో అడగకుండా నేను మాట్లాడిన మొదటి మాట అదేననుకుంటాను. ఆ నౌక పేలకుండా, లారీ విడిపోయినట్టే నెమ్మదిగా విడిపోయింది. ఆ రోజు నుంచి కోసేది నేను, కట్టేదీ నడిపేదీ అన్న.

అన్న వద్దని వదిలేసిన ముక్కలతో నేనొక మూల నా ఓడ మొదలుపెట్టాను. అన్న చూసి నవ్వాడు గానీ కాదనలేదు.

“కోసుడు మంచిగ జెయ్యి. గది తయారైనంక నువ్వే నడుపుదువు గని,” అన్నాడు.

నేను అప్పటిదాకా ఆ ఆకాశంలో ఏ ఓడనూ నడపలేదు. ఆ ఒక్క మాట పట్టుకొని ఆ వేసవంతా, మళ్లీ దసరా సెలవులు, ఆ మీది వేసవి కోస్తూనే ఉన్నాను. బతుకమ్మకు పెద్దమ్మతోపాటు మలీద ముద్దలు కట్టి వస్తే, ఆ నెయ్యి చేతులతో కీబోర్డు ముట్టొద్దని అన్న అరిచేవాడు. చేతులు గోడకు తుడుచుకొని మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. నా ఓడకు ఒక తలుపు ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. ముక్కు మొద్దు. షెడ్డులోకి వచ్చే ప్రతి లారీ వెనకా దిష్టికి పాత చెప్పు వేలాడుతుంది కదా, నేను కూడా గోధుమరంగు రేకులు అతికించి ఒక చెప్పు చేసి ఓడ వెనక కట్టాను. ఇంజను పెట్టి చూడగానే ఆ మంటకు చెప్పు కాలి, దానితోపాటు ఓడ తోకంతా ఊడిపోయింది. అన్న ఇల్లంతా వినపడేలా ఈ సంగతి చెబితే, దిష్టి చెప్పుకే దిష్టి తగిలిందేమోనని పెద్దమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేను తోకను మళ్లీ కట్టుకున్నాను, చెప్పును మంట తగలకుండా పక్కకు జరిపాను. అది లేకుండా ఓడను బయటికి పంపవచ్చని నాకు తోచనే లేదు.

నన్ను చూడడానికి వచ్చిన ఒక ఆదివారం బాపు, టేబుల్‌కు చేతులు తగలకుండా వెనక్కి కట్టుకొని, చాలాసేపు ఆ తెర వైపు చూశాడు. “చాసిస్ మంచిగ వట్టినవ్ బిడ్డా,” అన్నాడు. లారీలు తప్ప మరేదీ ఎరగని మనిషి నా ఓడను లారీని చూసినట్టే చూశాడు.

ఓడ తయారైన మరునాడే అన్న స్నేహితులు వచ్చారు. వాళ్లది కొత్తగా కట్టిన కాలనీ, కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చిన వాళ్ల పిల్లలు. పెద్దమ్మ నాతో నిమ్మకాయ షర్బత్తు పంపింది. నేను పళ్లెం పట్టుకొని గుమ్మం దాటేసరికి నా ఓడ నల్లటి ఆకాశంలో ఎగురుతోంది. కుర్చీలో అన్న ఉన్నాడు. ఎవరు కట్టారురా, అదిరిపోయిందని ఒకడు అంటే, అన్న “నేనే” అన్నాడు, నా వైపు చూడకుండానే. గ్లాసులు ఒక్కొక్కటే అందుకున్నారు. అప్పుడు ఓడ పక్కకు తిరిగింది.

“ఆ వేలాడేదేంట్రా, చెప్పా?” అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. అన్న చెవులు ఎర్రబడ్డాయి.

“గది మా చెల్లె వెట్టింది. పిచ్చిది,” అన్నాడు.

నాదని ఒప్పుకున్నది ఆ ఒక్క ముక్కే. వాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అది ఎట్లాగూ తుక్కేనని, ఇంజను ఒకటి పనికొస్తుందని చెబుతూ అన్న ఒక మీట నొక్కాడు. ఏ వరుసా లేకుండా, తలుపులు, తోక, చాసిస్ అన్నీ ఒకేసారి ఊడి రేకుల కుప్పలై తేలాయి. నేను ఖాళీ గ్లాసుల కోసం అక్కడే నిలబడ్డాను. రాత్రి నేను తినకుండానే పడుకుంటే, అన్నాల దగ్గర, ఆటనే గదా ఇంకోటి కట్టుకొమ్మని అన్న అన్నాడట, పెద్దమ్మ చెప్పింది. ఆ రోజు డైరీలో ద్రాక్షలు అయిపోయాయని మాత్రం రాసుకున్నాను. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఇప్పుడు ఆ తోట లేదు. పందిరి రాళ్లు పీకి, రంగులేసిన హద్దురాళ్లు పాతి ప్లాట్లు చేశారు. లారీల షెడ్డు ఉన్నచోట ఫంక్షన్ హాలు లేచింది. బాపు లేడు. మామిడి ముక్కలు ఆరబోసే ఓపిక పెద్దమ్మకు లేదు, పచ్చడి సీసాలో కొనుక్కుంటున్నారు. ఆ ఆటను కూడా ఇప్పుడెవరూ ఆడడం లేదట, వెతికితే ఎక్కడా దొరకలేదు.

నవీనన్న తూంకుంటలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాడు భోజనాలయ్యాక, చుట్టాలందరూ వెళ్లిపోయాక, ఇన్నేళ్లలో మొదటిసారి ధైర్యం కూడగట్టుకొని అడిగాను, నా ఓడను ఎందుకు విరగ్గొట్టావని. అన్న కాసేపు నిజంగానే ఆలోచించాడు. తర్వాత, చిన్నపిల్లకు చెప్పినట్టు, ఎంతో ప్రేమగా అన్నాడు:

“నువ్వెప్పుడు ఆడినవ్ చెల్లె? నీకు గా ఆటలంటెనే భయముండె గదా.”