అత్తను బయట కూర్చోబెట్టే మాట

మా సీనియర్ నర్సు కనకలక్ష్మక్కకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. బొబ్బిలి నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో కాపురం పెట్టి ఎన్నేళ్లయినా యాస మాత్రం పోలేదు. సికింద్రాబాద్‌లోని మా ఆసుపత్రికి నుదురు పగిలి, పెదవి చిట్లి వచ్చే ఆడవాళ్లలో సగం మంది బాత్‌రూంలో జారిపడ్డామనే చెబుతారు. "ఈ ఊరి బాత్‌రూంలు ఆడోళ్ల మీద పగబట్టాయేటి?" అనేది అక్క. నవ్వే సంగతి కాకపోయినా మేం నర్సులం నవ్వేవాళ్లం.

అలా చెప్పే ఆడమనిషి నోరు విప్పాలంటే పక్కన ఇంటివాళ్లు ఉండకూడదు. అత్తగార్లేమో మంచం వదలరు. పొమ్మంటే అనుమానం. అందుకు అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. అత్తను పక్కకు పిలిచి, "మీ కోడలు ముట్టయిందమ్మా. మీకు పట్టింపులుంటాయి కదా" అని చెవిలో చెప్పేది. పూజలూ నిష్ఠలూ ఉన్న పెద్దావిడ వెంటనే చెంగు దగ్గరకు లాక్కుని వరండాలో బెంచీ మీదకు పోయేది. ఎంతోమంది దగ్గర పారిన ఉపాయమిది. అక్క తెలివికి మేమంతా మురిసిపోయినవాళ్లమే.

మౌలాలి నుంచి కోడలు కల్పలతను తీసుకొచ్చిన విమలమ్మ కూడా అలాగే లేచి వెళ్లింది. కల్పలత నుదుటికి అప్పుడే కుట్లు వేశారు. అక్క స్టూలు లాక్కుని కాస్త ఎడంగా కూర్చుంది.

"ఏటయిందో చెప్పాలని లేకపోతే చెప్పకు తల్లీ. నీ దగ్గర ఊరికే కూకుంటాను."

చాలాసేపటికి ఆ పిల్ల మాట్లాడింది. భర్త పురుషోత్తం కొడతాడు. యాప్రాల్‌లో ఉన్న చెల్లెలు భవాని వచ్చేయమంటోంది.

"ఇప్పుడే పోను సిస్టర్. ఇగ కొట్టడు" అంది. ఎందుకు కొట్టడో చెప్పలేదు. అక్క గుచ్చి గుచ్చి అడగలేదు. తన ఫోన్ నంబరు నోటికి వచ్చేదాకా చెప్పించి పంపింది.

వారం తిరక్కముందే కల్పలతను మళ్లీ తెచ్చారు. దవడ వాచింది, రక్తస్రావం ఆగడం లేదు. డాక్టరమ్మ చూసి గర్భం పోయిందని చెప్పి, పోలీసులకు కబురు పంపించింది.

విమలమ్మ వరండాలో కూర్చుని ఉంది. అక్క నేరుగా ఆమె దగ్గరకే వెళ్లింది. వెనకే నేనూ ఉన్నాను.

"కోడలు కడుపుతో ఉందని మాకెందుకు చెప్పలేదమ్మా?"

"యాడి కడుపు? తల పగిలిననాడు నెల తప్పిందని మావాని కాళ్లు పట్టుకున్నది. వాడు సుత నమ్మి చెయ్యి దించిండు. మీరేమో ముట్టయిందంటిరి. ఇంటికి పోయినంక వానికి చెప్పిన. కాలేదని అది ఒట్టేసింది. నర్సమ్మ అబద్ధమాడతదా అని నేనే అన్న. గిట్ల నాటకమాడతవా అని వాడు ఇగ..."

అక్క గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు. "కాలేదమ్మా. మిమ్మల్ని బయటికి పంపడానికి నేనే అబద్ధం చెప్పాను."

విమలమ్మ బెంచీ మీంచి లేచింది. "అంటే, నిజంగనే ఉండెనా?"

"ఉండేది."

ముసలామె చెంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఆమె మీద జాలి కలగలేదు. మా అక్క మీద కలిగింది. దానికి నా మీద నాకే ఒళ్లు మండింది, ఎందుకంటే జాలిపడాల్సిన మనిషి లోపల మంచం మీద ఉంది.

కల్పలతకు చెప్పకుండా దాటేయొచ్చు. ఎవరూ అడిగేవారు కాదు. అక్క వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది, క్షమించమంది. కల్పలత పైకప్పు చూస్తూ వింది. వాచిన దవడతో ఒక్కో మాటా కూడదీసుకుంది.

"నాకు ఆ ఇంట్ల ఉన్నది అదొక్కటే సిస్టర్. నన్నొక్క మాట అడగకపోతిరి."

సాయంత్రం భవాని వచ్చి కల్పలతను తన ఇంటికే తీసుకుపోతానంది. కల్పలత సరేనంది. పోలీసుల ముందు కూడా ఈసారి బాత్‌రూం పేరెత్తలేదు, భర్త పేరే చెప్పింది. తర్వాత ఇంజెక్షన్ వేళకు కనకలక్ష్మక్క ట్రే పట్టుకుని మంచం దగ్గరకు వచ్చింది. కల్పలత మర్యాదగానే, వేరే సిస్టర్‌ను పంపమంది.

అక్క ట్రే తెచ్చి నా చేతికిచ్చింది. నేను వెళ్లాను.