అద్దాలమ్మ బిగించిన తూర్పు కిటికీ

అందరూ ఆమెను అద్దాలమ్మ అనేవారు. కిటికీలకు అద్దాలు కోసి బిగించడం ఆమె పని. ఎవరూ దగ్గర కూర్చోబెట్టి నేర్పలేదు. భర్త మంచాన పడ్డాక, ఆయన అద్దం కోసే వజ్రపు కలాన్ని చేతికి తీసుకుని, పగిలిన ముక్కల మీదే గీసి గీసి చెయ్యి కుదుర్చుకుంది. ఆయన పోయాక ఆ పనే ఆమెను నిలబెట్టింది. ప్రార్థన మాత్రం కుదరలేదు. ఆదివారం చర్చిలో పెదవులు కదిలేవి గానీ మనసు కదిలేది కాదు.

క్రిస్మస్ పద్నాలుగు రోజులుందనగా గాలివానకు చర్చి తూర్పు కిటికీ రంగుటద్దాలు పగిలాయి. కొత్తవి రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. సంఘ పెద్ద ఆమెకు స్వయానా బావగారు, భర్తకు అన్న. ఆయనకు మాట ఎక్కువ, సుత్తి పట్టడం తక్కువ.

"ముక్కలన్నీ తీసెయ్యమ్మా. చెక్క కొట్టించి, మీద నక్షత్రం బొమ్మ వేయిద్దాం," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నిచ్చెనెక్కి చివరి ముక్క ఊడదీసింది. ఆ రంగుల వెనక ఏముందో ఏళ్ల తరబడి ఎవరూ చూడలేదు. ఒక రాతి వాలు, దాని నిండా మోకాటెత్తు గడ్డి. పరకల మధ్య వందల సాలెగూళ్లు, గూటి గూటికీ మంచుబొట్లు. ఎండ తగలగానే వాలంతా ఒక్కసారి వెలిగింది.

ఆమెది పనివాళ్ల చూపు. ముందు కొలతే వెతికింది. స్కేలు లేదు, కలం లేదు, ఒక్క పోగు కూడా గతి తప్పలేదు. గాలికి తెగిన గూటి పక్కనే మళ్లీ కొత్తది.

"ఎవరు నేర్పారే నీకు?" అని సాలీడును అడిగింది.

అడిగాక నిచ్చెన మీదే అలా ఉండిపోయింది. ఎవరు చేశారో గానీ, ఎంత పనిమంతుడు! ఇన్నేళ్లూ మాటల కోసం తడుముకున్న ప్రార్థన, మాటల్లేకుండానే జరిగిపోతోందని ఆమెకు అర్థమైంది. కళ్లు తుడుచుకుని, కిందికి దిగి టేపు తీసింది. అప్పుడే బావగారు పని చూడటానికి వచ్చాడు.

"బావగారూ, మామూలు అద్దమే వేస్తాను. అవతలది కనబడాలి."

"బాగుంది! జనం ప్రసంగం వింటారా, గడ్డి చూస్తారా?"

"పండగ ఎవరిదండీ? ఆ గడ్డిని చేసినవాడిదేగా."

"నోరు బాగానే లేస్తోంది. సరే, పండగ పొద్దున వడ్రంగిని వెంటబెట్టుకొస్తా. అద్దం రవ్వంత కదిలినా చెక్క కొట్టించేస్తా."

మొదటి అద్దం కోత దగ్గరే మూలకు మూల విరిగింది. లోపల వెంట్రుకంత బీట ఉన్నట్టు ఆమె చూసుకోలేదు. తిట్టుకుంది తననే. రెండోది తెప్పించేసరికి మూడు రోజులు పోయాయి. అద్దాన్ని చట్రంలో పట్టి ఉంచేది లప్పం. అది గట్టిపడాలంటే వారం కావాలి, ఈ చలికి ఇంకో రోజు ఎక్కువే. సుద్దపొడిలో అవిసె నూనె తగ్గించి, మణికట్లు నొప్పెట్టేదాకా పిసికి, దాంతో అద్దం బిగించింది. రోజూ మధ్యాహ్నం వెళ్లి తలుపులన్నీ బార్లా తీసి గాలి ఆడనిచ్చింది. గోరుతో నొక్కి చూసింది. దిగబడితే మర్నాడు మళ్లీ వెళ్లింది.

పండగ పొద్దున గోరు దిగలేదు. తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో అద్దం తుడిచి పక్కన నిలబడింది.

బావగారు వచ్చాడు, వెనకాలే చెక్క మోసుకుంటూ వడ్రంగి. కిటికీలో వాలంతా తడిసి మెరుస్తోంది.

"ఇదేంటి, అద్దం పెట్టనే లేదూ?" అంటూ ఆయన చెయ్యి చాచాడు. వేళ్లు ఠంగున తగిలాయి.

"చెయ్యి తియ్యండి, మరక పడుతుంది!"

ఆయన అరచేత్తో నొక్కి చూశాడు. కదల్లేదు.

"లప్పం రాయైపోయిందండీ. తియ్యాలంటే పగలగొట్టాలి. పగలగొడతారా?"

ఆయన అద్దానికి ఇంకాస్త దగ్గరగా వంగాడు.

"పెద్దయ్యా, బరువుగా ఉంది. చెక్క ఎక్కడ కొట్టమంటారు?" అన్నాడు వడ్రంగి.

"ఉండవయ్యా, చూడనీ," అన్నాడాయన, తల తిప్పకుండానే.