సబ్జా నీళ్ళు

ఆ రోజు మగతగా రైలు కిటికీకి ఆనుకున్నాను. కళ్ళాల్లో ఎండబోసిన మిరపకాయలు ఎర్రటి ఏరులా మా వెంటే పారుతున్నాయి. బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చినప్పుడల్లా సబ్జా నీళ్ళు తాగుతున్నాను. మూత్రంలో మంట తగ్గడం లేదు.

"ఏమ్మా, వేడి చేసిందా?" ఎదురుగా కూర్చున్నావిడ మెల్లగా అడిగింది. నాకన్నా కాస్త పెద్దదేమో.

"మిరపకోతలకి వెళ్ళాగా, అందుకే."

"నేనూ అట్టాగే అనుకుని మజ్జిగ తాగుతా కూర్చున్నా. చూపించుకుంటే వేడి కాదన్నారు. ఏదో ఇన్ఫెక్షన్, మా ఆయన నుంచి అంటుకుందంట. నీదేంటో డాక్టరే చెప్పాలి. అదే అయితే మాత్రం ఇద్దరూ మందులు వాడాలి. లేకపోతే మళ్ళీ వస్తది."

నల్లపాడులో దిగుతూ నా భుజం తట్టింది. పేరైనా అడగలేదు నేను.

గుంటూరు రాకముందే మా ఆయనకి ఫోన్ చేశాను.

"సాయంత్రం డాక్టరు దగ్గరికెళ్దాం. నువ్వు కూడా చూపించుకోవాలి."

"నాకెందుకు?" అన్నాడు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు.