కుప్పంలో ఇచ్చి వచ్చిన రుజువు

మునిలక్ష్మిని తలుచుకుంటే నాకు మొదట ఒళ్లు మండుతుంది. జాలి ఆ తర్వాత. మదనపల్లె దగ్గరున్న మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆమెదీ నాదీ ఒకటే స్టాఫ్ రూమ్, ఎదురెదురు బల్లలు. ఆమె ఊరు సోమల. నాన్న గంగులప్ప టమాటా మార్కెట్లో క్రేట్లు మోసి కూతురిని ఎంటెక్ దాకా చదివించాడు. ఆమెతో చదివినవాళ్లంతా బెంగుళూరు కంపెనీల్లో చేరిపోతే, ఈమె మాత్రం మా కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఖాళీ దొరికితే సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద ఏదో రాయడం, చెరపడం.

ఆమెకు పట్టిన పిచ్చి పేరు థియరిటికల్ కంప్యూటర్ సైన్స్. పేరులో కంప్యూటర్ ఉంది గానీ దాన్ని ముట్టుకునే పనే ఉండదు. ఎంత తెలివైనవాడు ప్రోగ్రాము రాసినా ఫలానా లెక్క ఇంతకంటే త్వరగా తేలదు అని కాగితం మీద రుజువు చేయాలి. ఒకసారి గంగులప్ప కాలేజీకి వస్తే నేనే ఆయనకు ఈ సంగతి విడమరిచి చెప్పాను.

"కాదు అని చెప్పేదానికి ఇంత సదవల్లనామ్మా? మా మేస్త్రీ పొద్దస్తమానం అదే కదా చెప్తాండేది" అన్నాడాయన.

మునిలక్ష్మి కడుపు పట్టుకుని నవ్వింది. అప్పట్లో ఆమె అలా నవ్వేది.

అలాంటి రుజువు ఒకటి ఆమెకు నిజంగానే దొరికింది. దాన్ని రాసి బెంగుళూరులో ఒక పెద్ద పరిశోధనా సంస్థకు పంపింది. వాళ్లు పిలిపించి, బోర్డు ముందు నిలబెట్టి, చెమటలు పట్టేదాకా ప్రశ్నలడిగి చివరికి పీహెచ్‌డీ సీటు ఇచ్చారు. ఉత్త సీటు కాదు, స్కాలర్‌షిప్‌తో. తిండి, గది, పుస్తకాలు, నెలనెలా చేతికి డబ్బు, అన్నీ వాళ్లే చూసుకుంటారు. మనిషి చేయవలసింది కూర్చుని ఆలోచించడం ఒక్కటే. క్రేట్లు మోసిన ఇంటి పిల్లకు ఆలోచించినందుకు డబ్బివ్వడం! ఆ రోజు స్టాఫ్ రూములో ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. షరతు ఒక్కటే. చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తెచ్చి చూపించాలి. తేలేనివాళ్ల సీటు రద్దు.

ఆ ఒరిజినల్సే ఆమె దగ్గర లేవు. మావైపు ప్రైవేటు కాలేజీల్లో ఉద్యోగం ఇచ్చిన రోజే ఒరిజినల్స్ తీసి లోపల పెట్టుకుంటారు. గుడి బయట చెప్పులు విడిచినట్టు మేమందరం అక్కడ విడిచి వచ్చినవాళ్లమే. కాకపోతే గుడి నుంచి వచ్చేటప్పుడు చెప్పులు తొడుక్కోవచ్చు. అలా ఉంచుకోకూడదని రూలు ఉంది. ఆ రూలు ఉందని మాకు తెలుసు, మాకు తెలుసని వాళ్లకూ తెలుసు.

రాజీనామా పట్టుకుని పోతే ప్రిన్సిపాల్ తల కూడా ఎత్తకుండా, పుంగనూరు పోయి చైర్మన్‌గారిని కలవమన్నాడు. తోడుగా నేనూ వెళ్లాను. చైర్మన్ శంకరప్ప వరండాలో కూర్చుని మా ఎదుటే నిదానంగా టిఫిన్ ముగించాడు. మమ్మల్ని కూర్చోమనలేదు. ఆమె రాజీనామాతో పాటు సీటు కాగితాలు, రుజువు నకలు కూడా ఇచ్చింది. తన పరిశోధన చూస్తే పెద్దాయన సంతోషిస్తాడనుకుంది, పిచ్చిది.

"ఇన్‌స్పెక్షన్ వాళ్లకు ఇచ్చిన స్టాఫ్ లిస్టులో నీ పేరు ఉండాదమ్మా. నడి ఏట్లో వదిలేసి పోతానంటే నా కాలేజీ గతేంగావల్ల?" అన్నాడు.

"ఒరిజినల్స్ పెట్టుకోగూడదని రూలు ఉంది సార్."

శంకరప్ప నా వైపు తిరిగి నవ్వాడు. "సూసినావా, రూలు సదివింది పాప! అట్లయితే ఆ రూలు పెట్టినోళ్లనే అడుక్కో పో తల్లీ." చెయ్యి కడుక్కుని వచ్చాక ఇంకోమాట చెప్పాడు. "అయినా అవి ఈడ ల్యా. కుప్పం కాలేజీలో మావోడి దగ్గర ఉండాయి. ఆడికి పో."

మావోడంటే కొడుకు నరేంద్ర. కుప్పంలో వాళ్లకున్న రెండో కాలేజీకి అతనే పెద్ద. అతనూ ఎక్కడో పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకుని ఏళ్లు గడిపేశాడు. ఒక మంచి పరిశోధన పేపరు ఉంటే తప్ప డాక్టరేటు రాదు. పేపరు రాయాలంటే బుర్ర ఉండాలి. అక్కడే ఆగిపోయింది ఆయనగారి బండి.

కుప్పానికి మునిలక్ష్మి ఒక్కతే వెళ్లింది. అక్కడ జరిగినదంతా తర్వాత నాకు చెప్పింది. నరేంద్ర తండ్రిలా కాదు, లేచి నిలబడి కుర్చీ వేయించి టీ తెప్పించాడు. బల్ల మీద ఆమె ఒరిజినల్స్ ఉన్నాయి. వాటి పక్కనే ఆమె పుంగనూరులో ఇచ్చిన రుజువు నకలు.

"బాగా రాసినావు మునిలక్ష్మీ" అన్నాడు. "నీకు ఇట్లాంటివి ఇంగా శానా వస్తాయి. నాకు ఒగటి సాలు."

అర్థం కావడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఏడ్చింది. అతను టీ చల్లారిపోతుందని గుర్తు చేశాడు.

సోమవారం బెంగుళూరులో చేరాలి. ఆ రోజు శుక్రవారం. ఆ కుర్చీలో కూర్చునే ఆమె లెక్క వేసుకుంది. రుజువును బెంగుళూరులో ప్రశ్నలడిగిన ప్రొఫెసరుగారు ఆమె నోటి నుంచే విన్నారు, సీటు వచ్చేసింది. నరేంద్ర దాన్ని జర్నల్‌కు పంపినా అచ్చు కావడానికి ఏడాది పడుతుంది. ఈలోపు ఇంకోటి సాధించవచ్చు. బతుకంతా లెక్కలు కట్టిన మనిషి కదా, ఇదీ లెక్కే అనుకుంది. ఈ పరిశోధన నరేంద్రగారిదేననీ తాను టైపింగులో మాత్రమే సాయం చేశాననీ రాసిన కాగితం మీద సంతకం పెట్టింది. అతను ఒరిజినల్స్ ఒక కొత్త ఫైలులో సర్ది, వాకిలి దాకా వచ్చి సాగనంపాడు.

అతను జర్నల్ కోసం ఆగలేదు. ఈ శాస్త్రంలో వాళ్లంతా పేపర్లను ముందుగా ఇంటర్నెట్‌లో పెడతారు, ప్రొఫెసర్లు పొద్దున్నే లేచి అవే చదువుతారు. ఆమె బట్టలు సర్దుకుంటుంటే రుజువు నరేంద్ర పేరుతో లోకానికి చేరిపోయింది. చివర్లో కృతజ్ఞతలు కూడా ఉన్నాయి, చక్కగా టైపు చేసిపెట్టిన కుమారి మునిలక్ష్మికి.

సోమవారం ప్రొఫెసరుగారు ఒరిజినల్స్ వైపు చూడనే లేదు. కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి, ఇది ఎవరిదని అడిగారు. తనది కాదంటే దొంగతనం చేసి సీటు సంపాదించినట్టు. తనదే అంటే అమ్ముకున్నట్టు. ఆమె నిజమే చెప్పింది. పుంగనూరు, కుప్పం, సంతకం, అంతా చెప్పి, సుద్దముక్క ఇస్తే ఇప్పుడే మొదటి నుంచి రుజువు చేస్తానంది.

"అక్కర్లేదమ్మా, నిన్ను నమ్ముతున్నాను" అన్నారాయన. "ఇది నీదే. నీది కాబట్టే వద్దంటున్నాను. తన పేపరు ఇంకొకరికి ఇచ్చి, అబద్ధానికి సంతకం పెట్టినవాళ్లను ఇక్కడ చేర్చుకోలేం."

"సర్టిఫికెట్లు లేకుంటే సీటు పోతుందని రాసినారు కదా సార్!"

"కాలేజీ వాళ్లు ఇవ్వడం లేదని ఒక్క మాట రాసి ఉంటే గడువు ఇచ్చేవాళ్లం. ఏటా ఎవరో ఒకరికి ఇస్తూనే ఉంటాం. ఎందుకు అడగలేదు?"

ఎందుకు అడగలేదట! ఆ పెద్దమనిషికి ఏం తెలుసు? మావైపు ఆఫీసు వాళ్లు ఒక తేదీ చెప్పారంటే అదే తేదీ. బతిమాలితే కసురుతారు, గట్టిగా అడిగితే పుంగనూరు పంపుతారు. అడిగితే ఇచ్చే చోటు ఒకటి ఉంటుందని ఆ పిల్లకు పుట్టి బుద్ధెరిగి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకూ తెలియదు. ఆయన చెప్పింది న్యాయమే. ఆ న్యాయాన్ని తలుచుకుంటే నాకు శంకరప్ప మీద కన్నా ఆయన మీదే ఎక్కువ కోపం వస్తుంది.

మధ్యలో వదిలివచ్చినవాళ్లకు ఇంకో కాలేజీ ఉద్యోగం ఇవ్వదు. శంకరప్పే పెద్ద మనసు చేసుకుని తిరిగి రమ్మన్నాడు. గంగులప్ప పుంగనూరు దాకా వెళ్లి ఆయనకు దండం పెట్టి వచ్చాడు. కూతురికి సీటు ఎందుకు పోయిందో ఆయనకు తెలియదు. మునిలక్ష్మి ఇప్పుడు పాఠం చెప్పేసి వచ్చి బల్ల దగ్గర ఊరికే కూర్చుంటుంది. ఇంకొకటి వస్తుందనుకున్న రుజువు రాలేదు. నేను ఒకసారి కదిలిస్తే, "బుర్రలోకి ఏదన్నా వస్తే మొదట ఆ నరేంద్ర సార్ ముఖం కనిపిస్తా ఉండాది అక్కా" అంది. ఆ తర్వాత నేను అడగలేదు.

నరేంద్ర పేపరు మంచి జర్నల్లో అచ్చయింది. మొన్న మా కాలేజీ హాల్లో సన్మానం పెట్టారు. పేపరు గురించి రెండు ముక్కలు చెప్పమంటే డాక్టర్ నరేంద్ర గొంతు సవరించుకుని, జలుబు చేసిందనీ, మునిలక్ష్మి మేడమ్ వివరిస్తారనీ అన్నాడు. ఆమె లేచి బోర్డు దగ్గరకు వెళ్లింది.

నిజం చెప్పాలంటే అంత బాగా పాఠం చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. మొదట మెల్లగా మొదలుపెట్టింది. నడుమకు వచ్చేసరికి ముఖంలోకి వెలుగు వచ్చింది, ఎదుట ఎవరున్నారో మరిచిపోయింది, సుద్ద పొడి చీర మీద రాలుతున్నా చూసుకోలేదు. చివరి గీత గీసి ఇటు తిరిగేసరికి పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శంకరప్ప తన కొడుకు భుజం తట్టాడు.

మూడో ఏడాది చదివే రేష్మ చెయ్యెత్తింది. నిమ్మనపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, క్లాసులో అందరికన్నా చురుకు.

"మేడమ్, నేను గూడా ఇట్లాంటివి కనిపెట్టల్ల. మీకు ఇదంతా ఎవురు నేర్పించినారు?"

మునిలక్ష్మి చేతిలో సుద్దముక్క కింద పెట్టింది. వేదిక మీద నరేంద్ర ఆమెనే చూస్తున్నాడు.

"సారే నేర్పించినారమ్మా" అంది. "పోయి సార్‌నే అడుగు."

రేష్మ పుస్తకం, పెన్నూ తీసుకుని గబగబా వేదిక మెట్లెక్కింది.