పెట్టెతో సహా బురదలో

మొన్న పంచాయతీ ఎలక్షన్ పెట్టెని, ఎలక్షన్ మేడంతో సహా, సరస్సు మధ్యలో బురద మీద కూర్చోబెట్టిన మహానుభావుడు ఎవరో తెలుసా? ఏ పార్టీ వాడూ కాదు. నేనే, శీనుగాణ్ణి! నవ్వకండి. ముందు టీ చెప్పండి, తర్వాత కథ.

మా దీవి సంగతి మీకు తెలిసిందే. చుట్టూ పులికాట్ నీళ్ళు, కుళాయిలో మాత్రం చుక్క రాదు. ఎవర్ని అడగాలి? ప్రెసిడెంటే లేడు. ఎలక్షన్ని ఒకసారి కోర్టు ఆపింది, ఒకసారి తుఫాను ఆపింది, ఇంకోసారి వార్డులు మళ్ళీ విడగొట్టాలన్నారు. పైగా పంచాయతీ ఎలక్షన్లో పార్టీలుండవంట! పేరుకే. మా ఊళ్ళో టీకొట్లు కూడా రెండయినాయి. ఈ పార్టీ వాడు ఆ పార్టీ టీ తాగడు. రెండుచోట్లా తాగేది నేనొక్కణ్ణే, అందుకని రెండు పార్టీలకీ నామీద డౌటు.

అదంతా పోనీండి. నా బాధ వేరే. మా అన్న మునెయ్య ఒక పార్టీకి ఏజెంటు. మా అక్క మొగుడు ఏలుమలై బావ రెండో పార్టీకి. పోయిన ఎలక్షన్ నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అంతకుముందు మేం ముగ్గురం ఒకే పడవ, ఒకే వల. మధ్యాన్నం పడవలోనే పులుసు కాచుకుని ఒకే గిన్నెలో చెయ్యి పెట్టేవాళ్ళం. చేప తలకాయ కోసం అన్నా బావా కొట్లాడుకునేవాళ్ళు, ఆ సందులో నేను తినేసేవాణ్ణి. ఇప్పుడు తలకాయ మొత్తం నాదే. ఏం లాభం, గొంతు దిగదు. నిజం చెప్తున్నా, ఆ కొట్లాట మళ్ళీ వినాలని ప్రాణం కొట్టుకుంటా ఉంది.

పోలింగుకి ముందురోజు పెట్టె, మేడం, ఒక కానిస్టేబులు నా పడవలోనే దీవికి రావాలి. ఏజెంటు పాసుల కోసం అన్నా బావా కూడా అవతలి గట్టుకి వచ్చి ఉన్నారు. నాకు ఐడియా వచ్చింది! అన్నతో "అన్నా, బావ పొద్దున్నే దీవికి పోయినాడు" అన్నాను. బావతో "అన్న ముందే పోయినాడు బావా" అన్నాను. ఇద్దర్నీ ఎక్కించుకుంటానంటే మేడం కొంచెం ఆలోచించి, "సరే, రెండు పార్టీల వాళ్ళూ ఉన్నారు కదా, ఒకరికొకరు కాపలా" అని ఒప్పుకున్నారు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకునేసరికి పడవ కదిలిపోయింది.

అన్న ముందు కొసన, బావ వెనక కొసన. మధ్యలో మేడం, ఒళ్ళో పెట్టె. నేను ఇంజను దగ్గర. నేను దారి చూడాలి కదా? వాళ్ళ మొహాలు చూస్తా ఉండా! అన్న దగ్గినాడు. బావ తల తిప్పినాడు. ఆహా, ఇప్పుడు మాట్లాడతాడు అనుకున్నా. బీడీ నీళ్ళలో పారేసి మళ్ళీ అటు తిరిగినాడు. ఇట్టా చూస్తా చూస్తా, లోతు దారికి గుర్తుగా పాతిన కర్రలు ఎప్పుడు దాటిపోయినానో నాకే తెలీదు. పడవ ఒక్కసారి నిలబడిపోయింది. ఆ దారిలో కళ్ళు మూసుకుని పోతానని ఊరంతా గొప్పలు చెప్పుకున్నవాణ్ణి!

"ఏమైందయ్యా?" అన్నారు మేడం.

"ఏం లేదు మేడం. కొంచెం... నేల తగిలింది."

మేడం తప్ప అందరం దిగినాం. మోకాళ్ళ దాకా బురద. అన్న అటు నుంచి తోసినాడు, బావ ఇటు నుంచి తోసినాడు. పడవ ముందుకు పోకుండా గిర్రున తిరగతా ఉంది. పెట్టె పట్టుకుని పైన కూర్చున్న మేడం కూడా తిరగతా ఉన్నారు.

"నాకు మీ పార్టీలతో పనిలేదు! ఏదో ఒక వైపుకి తొయ్యండయ్యా!"

మా వాళ్ళ పద్ధతి మేడంకి తెలీదు. ఒకడు కేకెయ్యాలి, తక్కినవాళ్ళు బదులు చెప్పాలి. అది లేకుండా పడవా కదలదు, మా చేతులూ కదలవు. కేకెయ్యడంలో మా అన్న మొనగాడు, బదులు చెప్పడంలో బావ. ఇప్పుడేమో ఇద్దరూ నోళ్ళు బిగించుకుని ఉన్నారు. చేసేది లేక నేనే మొదలుపెట్టినా. "ఏలేలో..." గొంతు కీచుమంది. కానిస్టేబులు పకపకా నవ్వినాడు.

అన్నకి ఒళ్ళు మండింది. "థూ, గొంతా అది! నోర్ముయ్‌రా!" అని తనే ఎత్తుకున్నాడు. "ఏలేలో!"

అవతలి వైపు నుంచి, తనకే తెలీకుండా బావ: "ఐలసా!"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఆ నీళ్ళలో ఏం కనపడలా. పడవ బురద వదిలి సర్రున జారిపోయింది, నేను బురదలో బోర్లా పడినా. లేచి చూస్తే ఇద్దరూ పడవలో ఉన్నారు, పగలబడి నవ్వుతా.

"మునెయ్యా, వీడికి ఇంజను నేర్పిందెవర్రా?"

"నువ్వే బావా! వద్దంటే విన్నావా?"

ఎన్నాళ్ళకి! బురదలో నిలబడే విన్నా, పిలిచినా పడవ ఎక్కకుండా.

దీవికి చేరినామో లేదో మేడంకి ఫోను. ఎలక్షన్ వాయిదా! పెట్టె ఇంకా కింద పెట్టనే లేదు. ఊరంతా ఒకటే తిట్లు, రెండు టీకొట్ల దగ్గరా అవే తిట్లు. అవతలి గట్టున ఆఫీసుకి పోయి అడగాల్సిందేనని అన్నా బావా కలిసే బయలుదేరినారు. అందరూ ఏడుస్తా ఉంటే నేనొక్కణ్ణే సంబరంగా పడవ కడిగి, చాప పరిచి నిలబడినా. ముగ్గురం మళ్ళీ ఒకే పడవలో!

అన్న వచ్చి ఆగినాడు. "నడిపేదెవరు?"

"నేనే అన్నా."

అన్న బావ మొహం చూసినాడు. బావ అన్న మొహం చూసినాడు. "వద్దు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. వెనక్కి పోవాల్సిన మేడం కూడా చెయ్యెత్తినారు.

ఇన్నేళ్ళకి మా దీవిలో పార్టీలకి అతీతంగా ఒక్కటి ఏకగ్రీవమైంది: శీనుగాడి పడవ ఎక్కకూడదు. వేరే పడవలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటా పోతా ఉంటే, కనపడినంత దూరం గట్టున నిలబడి చూసినా. ఇద్దర్నీ కలపాలనుకున్నా, కలిపినా. మూడోవాడికి చోటు అడగడమే మర్చిపోయినా.