రత్నరాజు పాడని చరణం

రత్నరాజు అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా మనిషి. దిమ్మలు కాటా మీదకి ఎక్కగానే ముల్లు చూసి బరువు గట్టిగా చెప్పాలి. అది నాలుగు దుకాణాల అవతలికి కూడా వినపడాలి. ఇరవై ఏళ్లు అలా అరిచినా ఆయన గొంతు బొంగురుపోలేదు. ఆదివారం చర్చిలో పాటలకి ఆ గొంతే ఆధారం.

2004 డిసెంబరులో మేము గవరపాలెంలో వాళ్ల పక్క వాటాలో అద్దెకు దిగాం. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా ఆయన రోజూ పొద్దున రైలెక్కి విశాఖ వెళ్లి రాత్రికి వస్తాడు. మా సిరికి అప్పుడు నాలుగో నెల. రెండు వాటాల మధ్య గోడ ఒక్క ఇటుక మందం. సాయంత్రమయ్యేసరికి అవతల హార్మోనియం మొదలయ్యేది. ఒకే ముక్క పదిసార్లు, పదిహేనుసార్లు. పాప నిద్ర చెడుతోందని చెబుదామని ఒకరోజు వెళ్లాను. గోడ మీద ఐదేళ్ల పిల్ల ఫొటో, దాని కింద రెండు తేదీలు కనిపించాయి. ఏమీ అనకుండా వచ్చేశాను.

ఆ పిల్ల పేరు సుజి. ఆ ఏడాది ఏప్రిల్‌లో వాంతులు, విరేచనాలు పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రంలోపు పోయింది. ఒక్కతే పిల్ల.

అది తెలిశాక నేను సిరి పాల సీసాలు పది నిమిషాలకు బదులు ఇరవై నిమిషాలు మరిగించడం మొదలుపెట్టాను. అంత అవసరం లేదని నాకు తెలుసు. అయినా మరిగించేదాన్ని.

రత్నరాజు భార్య లూర్దు మేరీ కూతురి పేరు ఎత్తేది కాదు. ఆయన పాటలు కట్టేది అందుకేనని ఒకసారి నాతో అన్నాడు.

"మాటంటే లేసెలిపోతంది మేడమ్. పాటైతే కూకుంటాదేమో అని. ఊరంతా ఇనకపోయినా పరవాలేదు. అది ఇంటే సాలు."

ఎనిమిది పాటలయ్యాయి. రాసిందీ బాణీ కట్టిందీ పాడిందీ ఆయనే. విశాఖలో ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేయించి, రెండు వందల క్యాసెట్లు తెచ్చాడు. అట్ట మీద సుజి ఫొటో, "సుజి పాటలు" అన్న పేరు. వాళ్లలో చనిపోయినవారికి ఏడాది తిరిగితే జ్ఞాపకార్థ కూడిక పెడతారు. వీధిలో షామియానా వేసి, ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్లకి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపుతారు. ఈయన క్యాసెట్టు పెట్టాడు.

మైకులో మొదటి పాట మొదలవగానే లూర్దు మేరీ టీ గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. ఎనిమిది పాటలూ అయ్యేదాకా తిరిగి రాలేదు. టీ అందరికీ నేనే అందించాను.

పాస్టరుగారు రత్నరాజు భుజం మీద చెయ్యి వేశారు. "బాగుంది రాజూ. కానీ ఆఖరి చరణం ఏదయ్యా? ఎంత దుఃఖపు పాటైనా చివర నిరీక్షణ ఉండాలి కదా." పరలోకంలో మళ్లీ కలుసుకుంటామన్న ఆశని వాళ్లు నిరీక్షణ అంటారు. ఏడుపు పాటకైనా చివరి చరణం దాని మీదే కట్టాలన్నది వాళ్ల సంఘంలో మామూలు. ఈ ఎనిమిదింటిలో ఒక్కదానికీ ఆ చరణం లేదు.

"రాలేదండి, ఎంత కూకున్నా," అన్నాడు రత్నరాజు.

చర్చిలో గిటారు వాయించే రూఫస్‌కి పాటలు నచ్చలేదు. "అన్నా, ఎనిమిదీ ఒకే శృతేటన్నా! పాట ఇంటా ఉంటే ఇంట్లో కరెంటు పోయినట్టుంది."

మార్కెట్లో షావుకారు మొహమాటానికి దుకాణంలో క్యాసెట్టు పెట్టించాడు. బెల్లం మోసే పరదేశి రెండో పాటకే చేతులెత్తేశాడట. "ఆపీ మావా, నీకు దండవెడతాను. దిమ్మ బరువెక్కిపోతంది." అదే రోజు కె. కోటపాడు నుంచి బెల్లం తెచ్చిన త్రినాధరావు అనే రైతు మాత్రం అయిదో పాట మళ్లీ పెట్టమన్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని విన్నాడు. ఎవరిని పోగొట్టుకున్నాడో చెప్పలేదు. ఒక క్యాసెట్టు అడిగి పట్టుకెళ్లాడు.

ఇవన్నీ రత్నరాజు సాయంత్రం ఇంటికొచ్చి భార్యకి చెప్పేవాడు. గోడ ఇవతల నాకు వినపడేది.

"ఇయ్యాల కోటపాడు రైతొకడు రెండు మాట్లు ఇన్నాడు మేరీ."

"బియ్యం నానెయ్యాల," అనేది ఆవిడ. గిన్నె చప్పుడయ్యేది.

అందరూ మాట్లాడుకున్నది ఆ అయిదో పాట గురించే. రెండు ముక్కలు నాకింకా గుర్తున్నాయి.

*నీళ్లడిగిన ఏళ నేను లేనమ్మా*
*కాటా కాడ నిలబడి బరువులు సెప్తన్నానమ్మా*

ఒకరోజు కుళాయి దగ్గర బిందెల వరసలో ఉండగా, ఎదురింటి బుల్లమ్మ ఆ పాట తలుచుకుని కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక అంది: "పాపం, మగోడు పన్లో ఉన్నాడు. ఇంట్లో ఉన్నోలికి తెలీదేటి, పిల్ల దాహమంటే గుక్కెడు నీళ్లు పొయ్యాలని?"

లూర్దు మేరీ వరసలో నాలుగో మనిషి. ఖాళీ బిందె ఎత్తుకుని వెనక్కి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి అందరూ పట్టుకుని వెళ్లాక, కుళాయి సన్నబడిపోయాక వచ్చేది. పాట ఎవరికి నచ్చినా, ఎవరికి నచ్చకపోయినా, విన్నవాళ్లు ఆయన మీద జాలిపడి ఆవిడ వైపు అదోలా చూస్తున్నారని నాకు అప్పటికి అర్థమైంది.

నేనేమైనా తక్కువ తిన్నానా? "మీకెలాగుంది మేడమ్ పాట?" అని ఆయన అడిగినప్పుడు నేను పాట గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి గుక్కగుక్కగా పడితే చాలండీ. వాంతులు, విరేచనాలు అవుతుంటే నీళ్లు అస్సలు ఆపకూడదు," అన్నాను. పాఠం చెప్పినట్టు.

"బెల్లమైనా పనిసేత్తాదా మేడమ్?"

"చేస్తుంది."

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో బెల్లం నల్లగా పేరుకుని ఉంది. లోపలికెళ్లాడు.

మే రెండో వారంలో సిరికి వాంతులు మొదలయ్యాయి. తర్వాత విరేచనాలు. మిట్టమధ్యాహ్నం, మా ఆయన విశాఖలో ఉన్నాడు. నాకు లెక్క తెలుసు, ఓఆర్‌ఎస్ పొడి పొట్లం ఇంట్లోనే ఉంది, కలిపాను. పట్టిన రెండు నిమిషాలకి పాప మొత్తం కక్కేసింది. మళ్లీ పట్టాను, మళ్లీ కక్కింది. మూడోసారి నా చెయ్యి ఆగిపోయింది. పడుతున్నకొద్దీ పోతోంది, పట్టకపోతే నయమేమో అనిపించింది. ఎమ్మెస్సీ చదివిన దాన్ని, నాకే అలా అనిపించింది. గ్లాసు పక్కన పెట్టి పాపని భుజాన వేసుకుని ఏడుస్తున్నాను.

లూర్దు మేరీ ఎప్పుడు వచ్చిందో చూడలేదు. నా చేతిలోంచి పాపని తీసుకుని ఒళ్లో వేసుకుంది.

"సెంచా తే అమ్మా. గ్లాసుతో కాదు. ఒక్కో సెంచా, ఆగి ఆగి. కక్కితే కక్కనీ, నువ్వాపకు."

"మీకెలా తెలుసక్కా?"

"ఆ రోజు పెద్దాసుపత్రికాడ నర్సమ్మ సెప్పింది. పిల్ల పోయేక."

రెండు గంటలు అలా చెంచాతో పట్టింది. నాలుగింటికి పాప ఉచ్చ పోసింది. ఒంట్లో నీరు నిలిచిందనడానికి అదే గుర్తు, దాని కోసమే నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, నీళ్లు పట్టి మంచి పని చేశారు అన్నాడు. ఇంటికొచ్చి పాపని పడుకోబెట్టాక లూర్దు మేరీ వెళ్లకుండా గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది.

"సుజి పదకొండు సార్లు అడిగింది. నేను లెక్కెట్టేను," అంది. పాప మొహం కేసి చూస్తూ, చాలా మామూలుగా. "నాలుగోసారికి ఉండబట్టలేక కుండలో గ్లాసు ముంచి తెచ్చేను. ఈయన నా సెయ్యి అట్టుకున్నాడు. ఒద్దే, పోత్తే ఇంకా ఎక్కువైపోతాయని మాయమ్మ సెప్పేది అన్నాడు. గ్లాసు నీళ్లు గుమ్మంలో పారబోసేడు. ఆ తడి సూసి పిల్ల ఇంకా ఏడిసింది."

"ఆయన పనిలో ఉన్నారని కదా పాటలో..."

"నేనినలేదు. కుళాయికాడ బుల్లమ్మ సెప్తే ఇన్నాను." మా టేపు కేసి చూసింది. "మీకాడ ఉంది కదా ఆ క్యాసెట్టు. అయిదో పాట ఎట్టు."

పెట్టాను. ఆవిడ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని వింది. ఎక్కడా కళ్లు తడవలేదు. పాట సగంలో ఉండగా వీధిలో సైకిలు ఆగింది. బెల్లం సీజను అయిపోయింది కదా, రత్నరాజు తొందరగా వచ్చాడు. మా ఇంట్లోంచి తన గొంతు వినపడి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల భార్య కూర్చుని వింటోంది. ఏడాదిగా ఆయన ఎదురుచూసింది దీని కోసమే. మొహం ఒక్కసారి వెలిగింది.

"ఇన్నావా మేరీ?"

"ఇన్నాను. గ్లాసేదీ ఇందులో?"

ఆ వెలుగు ఆరిపోవడం నేను చూశాను. సైకిలు స్టాండు కూడా వెయ్యలేదేమో, వెనకాల పడిపోయిన చప్పుడైంది. ఆయన తిరిగి చూడలేదు. అలాగే మా అరుగు మీద కూలబడ్డాడు. నేను టేపు ఆపేశాను.

ఆ తర్వాత మూడు వారాలు హార్మోనియం వినపడలేదు. భార్యాభర్తల మాటలూ వినపడలేదు. గోడకి చెవి ఆనించి వినడం తప్పని తెలుసు. అయినా భయమేసి ఆనించేదాన్ని.

జూన్‌లో మొదటి వాన పడ్డ సాయంత్రం హార్మోనియం లేకుండా వట్టి గొంతు వినపడింది. అయిదో పాటే. చివర కొత్త చరణం ఉంది.

*లేనని పాడేను, ఉన్నాను తల్లీ*
*గ్లాసు తెచ్చిన సేతిని ఆపింది నేనే తల్లీ*

పాట ఆగింది. తర్వాత లూర్దు మేరీ గొంతు.

"ఇది క్యాసెట్టులో ఎట్టొద్దు."

"మరి బుల్లమ్మోల్లందరూ నిన్ను..."

"ఇదీ ఇంటారు. ఇని, బాగుందో బాలేదో సెప్తారు. ఆల బాగుందితో నాకేటి పని?"



మర్నాడు పొద్దున కుళాయి దగ్గర వరసలో లూర్దు మేరీ బిందె కనిపించింది. దాని వెనక రత్నరాజు నిలబడ్డాడు. ఆ వీధిలో మగవాళ్లు బిందె పట్టుకుని వరసలో నిలబడరు. బుల్లమ్మ నోటికి చీరకొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏటి రాజన్నా, మార్కెట్టు మూసేసేరేటి?"

ఆయన నవ్వలేదు. కాటా దగ్గర బరువు చెప్పే గొంతుతో, నాలుగిళ్ల అవతలికి వినపడేలా అన్నాడు: "బుల్లమ్మా, ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పిల్లకి నీళ్లు తెత్తే ఒద్దన్నది నేను. పాటలో అబద్దం పాడేను."

ఎవరిదో బిందె నిండి పొర్లిపోతోంది, కుళాయి కట్టేవాళ్లు లేరు.

లూర్దు మేరీ ఇంట్లోంచి ఎప్పుడొచ్చిందో వచ్చింది. ఆయన మొహం చూడలేదు. తన బిందె దగ్గరకెళ్లి, "నువ్వెల్లు, పనికి ఆలీసమవుతాది," అంది. ఆయన వెళ్లాక కూడా వెనక్కి తగ్గకుండా, తన వంతు వచ్చేదాకా ఆ వరసలోనే నిలబడింది.