సద్దుల నాటి గొంతు

అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్లలో బతుకమ్మ పాట ఎత్తుకునేది విద్యావతే. కొంగు నడుముకు దోపి, దవడన లవంగం పెట్టుకుని, ముసలమ్మల అడుగు వెనకబడితే చరణం సాగదీసి వాళ్లను కలుపుకుంటుంది. ఎనిమిది రోజులు పాడేసరికి గొంతు బొంగురుపోయింది. చివరిదైన తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ నాడు సెక్రటరీ మురళీకృష్ణ టేప్‌రికార్డర్ తెచ్చి పాటల క్యాసెట్ పెట్టాడు. "మీరు రెస్టు తీసుకోండమ్మా, ఇది చక్కగా పాడుతుంది" అన్నాడు.

క్యాసెట్ వేగానికి ముసలమ్మల చప్పట్లు తప్పాయి. విద్యావతి లవంగం ఉమ్మేసింది. అతను టేపు ఆపబోతే వద్దంది. "దాన్ని గూడ పాడనియ్యండి. ఎవరెన్క తిరుగుతరో చూద్దాం." ఆ బొంగురు గొంతుతోనే ఎత్తుకుంది. నలభైమంది ఆడవాళ్లు ఆమె వెనక "ఉయ్యాలో" అన్నారు. కాసేపటికి క్యాసెట్ ఒకవైపు అయిపోయి టక్కున ఆగింది. తిప్పిపెట్టడానికి మురళీకృష్ణ కూడా లేవలేదు.